దోమల ఋతువులో రక్తదానం

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సన్నాహక సభలో తల్లిదండ్రులను, పూర్వ విద్యార్థులను ఉద్దేశించి ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



జూబ్లీ సంఘంవారు నన్ను మాట్లాడమన్న అంశం రక్తదానం. రక్తదానం ఉత్తమమైనదని ఈ సభలో ఎవరికీ నేను చెప్పనక్కరలేదు. ఆ మాట చెప్పి కూర్చుంటే మీరందరూ చప్పట్లు కొడతారు, నాకు సులభం. కాని నేను ఆ అంశంలో ఒక్క భాగాన్నే తీసుకుంటాను. దోమల వలన జ్వరాలు ప్రబలిన రోజులలో మనం ఇచ్చే రక్తం, దానిని పుచ్చుకునే రోగికి క్షేమకరంగా ఉండాలంటే ఏమి జరగాలి? ఈ ప్రశ్న వేయడానికి ఒక కారణం ఉన్నది. సంఘంవారు వేసిన ఆహ్వానపత్రంలో సెప్టెంబరు నెలలో రక్తదాన శిబిరం జరుగుతుందనీ, పాఠశాలకు 75 సంవత్సరాలు నిండినందున 75 యూనిట్ల రక్తం సేకరించడమే లక్ష్యమనీ ఉన్నది. ఆ సెప్టెంబరు గురించీ, ఆ 75 గురించీ నాకు కొంత చెప్పవలసి ఉన్నది. ముందు రక్తం సంగతి చూద్దాము.

మనది యానాం. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లపు నేల. ఈ బడి పుట్టినప్పుడు ఇక్కడ ఫ్రెంచివారి పాలన ఉండేది. పాలకులు మారినా నేల పల్లం మారలేదు, వాన నీరు నిలిచే గుంటలూ మారలేదు. 2022 జూలైలో గోదావరి పొంగి మన వీథులలోకి నీరు వచ్చినప్పుడు చూశాము కదా, నీరు తీసిన తరువాతనే అసలు కష్టం మొదలవుతుంది. బోదకాలు ఈ డెల్టాకు కొత్త కాదు. చికున్ గున్యా 2006లో వచ్చిన కొత్త రోగమని మనలో చాలామంది అనుకుంటారు. 1960 దశకంలోనే విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలలో అది ఒకసారి వచ్చి పోయింది. నలభై ఏండ్ల తరువాత తిరిగి వచ్చినప్పుడు దేశం మొత్తం మీద ఆ ఒక్క 2006లోనే దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకు వచ్చినవి. ఇంటిల్లిపాదీ వంగి నడిచిన రోజులు తల్లులకు గుర్తుండే ఉంటవి. దాని పేరుకు అర్థం కూడ అదే. టాంజానియా ప్రాంతపు మకొండే భాషలో వంచివేసేది అని.

మలేరియా క్రిమిని రోగి రక్తంలో మొదట చూసినవాడు అల్ఫోన్స్ లవెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు, 1880లో, అల్జీరియాలో. ఆ క్రిమి దోమలో పెరుగుతుందని కనుగొన్నవాడు రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. మా పిల్లలు ఏటా ఆనాడు గోడపత్రికలు వ్రాస్తారు. రాస్‌కు 1902లో, లవెరాన్‌కు 1907లో నోబెల్ బహుమతులు వచ్చినవని చక్కగా అప్పజెబుతారు. కాని ఈ ఇద్దరి పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే వచ్చే ఒక ప్రశ్నను మాత్రం ఏ పిల్లవాడూ ఇంతవరకు అడగలేదు. క్రిమి రక్తంలో ఉన్నది, దోమ దానిని ఒకరినుండి ఒకరికి మోస్తున్నది. మరి దోమ చేసే పనిని మనమే సూదితో, గొట్టంతో చేస్తే?

చేస్తే సోకుతుంది. 1911నాటికే వైద్యులు దానిని గమనించారు. దోమ కుట్టినప్పుడు క్రిమి ముందు కాలేయంలో చేరి, అక్కడ వృద్ధి చెంది, తరువాత రక్తంలోకి వస్తుంది. రక్తమార్పిడిలో ఆ మెట్టు లేదు. ఎర్రకణాలలో ఉన్న క్రిములే నేరుగా రోగి ఎర్రకణాలలోకి పోతవి. రక్తం ఎక్కించుకునేవారు ఎవరు? కాన్పులో రక్తం పోయిన తల్లి, తలసీమియా బిడ్డ, ఆపరేషను బల్ల మీద ఉన్నవారు. అసలే నీరసించిన దేహం. పైగా కొన్నాళ్ళకు జ్వరం వస్తే, ఆపరేషను గాయం చీము పట్టిందేమోనని చూస్తారు గాని మలేరియా అని వెంటనే తోచదు.

అన్ని క్రిములూ ఇట్లా చేయవు. బోదకాలు క్రిమి పిల్లలు రాత్రివేళ మనిషి రక్తంలో తిరుగుతుంటవి, రక్తంతోపాటు మరొకరికి వెళ్ళవచ్చు; కాని అవి పెరిగి పెద్ద క్రిములు కావాలంటే దోమ దేహంలో కొంత దశ గడపక తప్పదు. ఆ దశ లేనందున రక్తమార్పిడివలన బోదకాలు రాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలో లెడర్లే పరిశోధనశాలవారు తెచ్చిన మందునే ఇప్పటికీ బోదకాలు నివారణకు ఊరూరా పంచుతున్నారు. సైన్సు మాస్టారు ఈ రెండు క్రిముల తేడాను నల్లబల్ల మీద బొమ్మలు వేసి చెబితే పిల్లలు మరచిపోరు.

ఇక రక్తనిధిలో ఫ్రిజ్‌లో పెడితే క్రిములు చావవా అని అడుగుతారు. రక్తాన్ని 2నుండి 6 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలవ ఉంచుతారు. ఆ చలిలో ఎర్రకణాలు బ్రతికి ఉండాలనే కదా మన ప్రయత్నమంతా. ఎర్రకణంలో దాగిన మలేరియా క్రిమి కూడ వాటితోబాటు చాలా రోజులు బ్రతుకుతుంది. మనం కణానికి చేసే సేవ క్రిమికి కూడ అందుతున్నది. ప్లేట్‌లెట్ల సంగతి ఇంకా వేరు. వాటిని చలిలో పెట్టరాదు. 20నుండి 24 డిగ్రీల మధ్య, ఎల్లవేళలా కదుపుతూ ఉంచాలి, అదీ అయిదు రోజులే.

పరీక్ష చేస్తారు కదా అంటారు. చేస్తారు. మన దేశంలో ప్రతి యూనిట్‌కూ అయిదు పరీక్షలు తప్పనిసరి: ఎయిడ్స్ కారక వైరస్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. మలేరియాకు గాజు పలక మీద రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తారు, లేదా అట్ట ముక్కవంటి చిన్న పరికరం మీద చుక్క వేసి గీత వస్తుందేమో చూస్తారు. ఇక్కడ లెక్కల టీచరుగా నా పాత అలవాటు మీరు సహించాలి. ఒక యూనిట్ 350 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు వేయి మైక్రోలీటర్లు. అంటే ఒక యూనిట్‌లో 3,50,000 మైక్రోలీటర్లు. మైక్రోలీటరుకు 50 క్రిములు ఉంటే తప్ప మామూలు పరీక్షలో కంటికి దొరకడం కష్టం. మలేరియా తరచుగా వచ్చే ప్రాంతంలో ఉన్నవారికి దేహం కొంత అలవాటు పడి, జ్వరమే లేకుండా మైక్రోలీటరుకు పదేసి క్రిములు ఉండవచ్చు. పదే అనుకోండి. యూనిట్ మొత్తంలో 35 లక్షల క్రిములు! పరీక్ష కాగితం మీద మాత్రం లేదు అనే ఉంటుంది. పరీక్షకుడు తప్పు చేయలేదు, పరికరం చెడిపోలేదు. ఆ చుక్కలో చూడగలిగినంతే చూశారు.

డెంగీ, చికున్ గున్యాలకు ఆ అయిదింటిలో చోటు లేదు. అంటే మనం ఇచ్చిన రక్తాన్ని ఆ రెండింటికోసం ఎవరూ మామూలుగా పరీక్షించరు. డెంగీ సోకిన నలుగురిలో ముగ్గురికి జ్వరమే తెలియకపోవచ్చు, లేదా ఒళ్ళు వెచ్చబడి పోవచ్చు. జ్వరం వచ్చేవారికి కూడ అది రావడానికి ఒకటి రెండు రోజుల ముందునుండే రక్తంలో వైరస్ తిరుగుతూ ఉంటుంది. ఆ ఒకటి రెండు రోజులలో మనిషి హుషారుగానే ఉంటాడు, శిబిరానికి కూడ వస్తాడు. సింగపూరులో 2007లో ఇట్లాగే ఒక దాత ఇచ్చిన రక్తంనుండి దానిని పుచ్చుకున్న రోగులకు డెంగీ సోకింది. హాంకాంగులో అంతకు ముందే, 2002లో, ఒక ఉదంతం జరిగింది.

మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. బ్రెజిల్‌లో 2012 డెంగీ ఉద్ధృతిలో రెండు నగరాల రక్తదాతలను పరిశీలించినప్పుడు నూటికి ఒకరికి లోపే రక్తంలో వైరస్ కనిపించింది. అటువంటి రక్తం ఎక్కించుకున్న, డెంగీ నిరోధశక్తి లేని రోగులలో మూడింట ఒక వంతు మందికి పైగా అది సోకింది. అయినప్పటికీ వారి స్థితి ఇతర రోగులకంటె చెప్పుకోదగినంత దిగజారలేదని ఆ పరిశోధకులే తేల్చారు. కాబట్టి ఆపదలో ఉన్నవారికి డాక్టరు రక్తం ఎక్కించాలన్నప్పుడు వద్దనడం అవివేకం. రక్తం దొరకక పోయే ప్రాణమే ఇంకా పెద్ద ప్రమాదం. అట్లాగని, ప్రమాదం చిన్నది కదా అని తేలికగా తీసుకోనక్కరలేదు. అమెరికాలో 2002లో వెస్ట్ నైల్ అనే దోమ జ్వరం రక్తమార్పిడి ద్వారా 23 మందికి సోకినట్లు తేలగానే, మరుసటి సంవత్సరమే, 2003లో, దానికి ప్రత్యేక పరీక్షను దేశమంతటా ప్రవేశపెట్టారు. డబ్బున్న దేశం, చేయగలిగింది.

రీయూనియన్ ద్వీపం కథ మన యానాం వారు తెలుసుకోదగినది. హిందూ మహాసముద్రంలో ఉన్న ఆ ఫ్రెంచి ద్వీపానికి 19వ శతాబ్దంలో మన యానాం రేవునుండి ఓడలెక్కి చెరకు తోటల కూలీలుగా వెళ్ళిన తెలుగువారున్నారు. 2005-06లో చికున్ గున్యా ఆ ద్వీపాన్ని ముంచెత్తింది. దాదాపు 7,70,000 జనాభాలో 2,66,000 మందికి సోకింది. 2006 ఫిబ్రవరిలో ఒక్క వారంలోనే 40,000 పైచిలుకు కొత్త రోగులు! ఇంటికొక రోగి అనుకుంటే రక్తమిచ్చేవాడు ఎవడు? ఇచ్చినా ఆ రక్తాన్ని నమ్మేది ఎట్లా? అక్కడి అధికారులు రక్తం ద్వారా ఒకరికి సోకినట్లు ఋజువు కావలెనని వేచి ఉండలేదు. 2006 జనవరిలోనే ద్వీపంలో రక్తసేకరణ నిలిపివేశారు. ఎర్రకణాలను తొమ్మిది వేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఫ్రాన్సునుండి విమానాల మీద తెప్పించుకున్నారు. కాని అయిదు రోజులే నిలిచే ప్లేట్‌లెట్లను అట్లా తెప్పించుకుని సరిపెట్టుకోవడం సాధ్యం కాదు. అందుచేత వాటిని మాత్రం ద్వీపంలోనే సేకరించి, వైరస్ ఉన్నదేమో ప్రత్యేకంగా పరీక్షించి, పైగా ఒక రసాయనం కలిపి అతినీలలోహిత కాంతి సోకించి, ఉన్న క్రిమి కూడ వృద్ధి చెందకుండా చేసి రోగులకు ఇచ్చారు.

మనకు ఆ వసతి లేదు. మనకు విమానం రాదు. రక్తం కావాలంటే కాకినాడ దారి పట్టే జనం మనం. యంత్రమూ పరీక్షా లేనిచోట మిగిలింది ఒక్కటే. రక్తమివ్వడానికి వచ్చినవారిని అడిగే ప్రశ్నలు, వారు చెప్పే జవాబులు.

ఆ ప్రశ్నల కాగితాన్ని మీలో చాలామంది చూసి ఉంటారు. చదవకుండా అన్నిటికీ లేదు లేదు అని టిక్కు పెట్టి సంతకం చేసినవారు కూడ ఈ సభలో ఉన్నారనే నా అనుమానం. 2017లో జాతీయ స్థాయిలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం మలేరియా వచ్చినవారు పూర్తిగా కోలుకున్న తరువాత మూడు నెలలు రక్తమివ్వరాదు. డెంగీ, చికున్ గున్యా వచ్చినవారు కోలుకున్న తరువాత ఆరు నెలలు ఇవ్వరాదు. జ్వరం, ఒళ్ళునొప్పులు ఉన్నరోజున ఎవరూ ఇవ్వరాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట్లో పక్క మంచం మీద డెంగీ రోగి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఆ ఇంటి దోమ మిమ్మల్ని కూడ కుట్టే ఉంటుంది. కిందటి నెలలో మారేడుమిల్లి వైపు విహారయాత్రకు వెళ్ళి రాత్రి బస చేసి ఉంటే అది కూడ చెప్పాలి, ఏజెన్సీ మలేరియాకు పేరుపడిన ప్రాంతం. ఇవన్నీ సూక్ష్మదర్శినికి తెలియని సంగతులు. మీకు మాత్రమే తెలిసినవి.

తెలిసీ ఎందుకు చెప్పరు? నాకు తోచినంతవరకు చెడ్డతనం వలన కాదు. నా బాల్యంలో, యౌవనంలో ఆసుపత్రుల గేట్ల దగ్గర రక్తం అమ్ముకుని బ్రతికేవారు ఉండేవారు. ఆ డబ్బుతోనే వారికి ఆ పూట గడవాలి కనుక జబ్బు ఉన్నదని వారు చెప్పుకోలేరు. ఈ వ్యవహారం మీద 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1998 జనవరి 1నుండి దేశంలో రక్తం అమ్మకం నిషిద్ధమైంది. డబ్బు పోయింది, మంచిది. కాని నిజం చెప్పనీయని బలవంతాలు ఇంకా కొన్ని మిగిలినవి. రోగికి రక్తమిస్తే దానికి బదులు బంధువులెవరైనా ఇచ్చి పూడ్చాలన్నప్పుడు ఏమవుతున్నదో ఆసుపత్రి వరండాలో నా చెవులారా విన్నాను. మొన్న జ్వరం వచ్చిందని చెప్పకురా, వద్దంటారు, నాన్నకు రేపే ఆపరేషను అని అన్న తమ్ముడిని బ్రతిమాలుతున్నాడు. ఆ అన్నను నేను తప్పు పట్టలేకపోయాను. కాని ఆ తమ్ముడి రక్తం వారి నాన్నకే ఎక్కదు కదా. గ్రూపు కలిసిన మరెవరికో, మరొకరి నాన్నకు ఎక్కుతుంది.

రెండవ బలవంతం సిగ్గు. స్నేహితులందరూ వరుసలో నిలబడి ఉండగా తాను ఒక్కడే వెనుకకు రావడం. మగపిల్లలకు ఇది మరీ ఎక్కువ. మూడవది లక్ష్యం. ఇన్ని యూనిట్లు అని బ్యానరు కట్టి, ఎన్ని అయినవో మైకులో చెబుతూ ఉంటే, ఎవరికైనా సందేహం ఉన్నా ఆ సందేహం నోటికి రాదు. అందుచేత సంఘంవారికి నా మొదటి మనవి: ఆ 75ను తీసివేయండి. 75 ఏండ్ల పేరిట మొక్కలు నాటండి, పుస్తకాలు పంచండి, దీపాలు వెలిగించండి. మొక్కకు ముందు రోజు జ్వరం వచ్చినా ఎవరికీ నష్టం లేదు. రక్తానికి అంకె వద్దు.

రెండవ మనవి కొంత వివరంగా చెప్పాలి. శిబిరాన్ని సెప్టెంబరులో వద్దని, జనవరిలో పెట్టుకుందామని మా ఉపాధ్యాయులలో కొందరు సూచించారు. దోమలు తగ్గిన చలికాలంలో రక్తం క్షేమమే. అయితే ఆ రక్తం మళ్ళీ సెప్టెంబరుదాకా ఉండదు. ఎర్రకణాలు 35నుండి 42 రోజులు, కలిపిన ద్రావణాన్నిబట్టి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులని చెప్పాను. జ్వరాల కాలంలోనే రక్తానికి గిరాకీ, జ్వరాల కాలంలోనే దాతల కొరత. మంచి కాలంలో ఒక్కరోజున అందరమూ ఇచ్చివేసి చేతులు దులుపుకుంటే, మగవారు మరల 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఇవ్వరాదు. జనవరిలో 75 మంది ఇచ్చిన రక్తంలో కొంత వాడకముందే గడువు దాటవచ్చు కూడ. కాబట్టి జనవరి, సెప్టెంబరు అని వాదించుకోవడం కంటె, ఒక్కరోజు పండుగ అనే ఆలోచననే మార్చుకోవడం మేలు. నెలకు అయిదారుగురు చొప్పున, రక్తనిధివారు అడిగినప్పుడు, అడిగిన గ్రూపువారు వెళ్ళి రావాలి. ఫొటోలో అంత బాగుండదు, నిజమే.

ప్లేట్‌లెట్ల గురించి తల్లిదండ్రులకు ఒక మాట. డెంగీ అనగానే మనవారు రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్ల అంకె అడిగి, అది లక్షకు దిగగానే దాతలకోసం పరుగులు తీస్తారు. నలుగురు కుర్రవాళ్ళను పోగుచేసి కారులో పంపిస్తారు. రక్తస్రావం లేకుంటే, అంకె 10,000కు దిగువకు పోతే తప్ప ఎక్కించనక్కరలేదని మన దేశపు వైద్య మార్గదర్శకాలు చెబుతున్నవి. సింగపూరు, మలేషియాలలో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2017లో వెలువడింది. రక్తస్రావం లేని పెద్దలకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినందున రక్తస్రావం తగ్గలేదనీ, పైగా దద్దుర్లవంటి బాధలు ఎక్కించినవారికే ఎక్కువగా వచ్చినవనీ తేలింది. డెంగీలో అసలు ప్రమాదం రక్తనాళాలనుండి ద్రవం కారిపోవడం. జ్వరం తగ్గిందని సంతోషించే రోజుననే అది మొదలవుతుంది. ఆ పూట కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చిగుళ్ళనుండి రక్తం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కరలేని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఒక దాత శ్రమ వృథా, నిజంగా కావలసినవారికి కొరత, రోగికి మరొకరి రక్తంలోని క్రిమి వచ్చే అవకాశం అనవసరంగా పెరగడం. ఈ మూడూ ఒకేసారి. డాక్టరు వద్దన్నప్పుడు పట్టుబట్టి ఎక్కించమనే బంధువులను నేను చూశాను. బొప్పాయి ఆకు రసం గురించి అడగబోతున్నవారు సభ అయిన తరువాత మీ డాక్టరునే అడగండి, నాకు ఆ జవాబు అప్పజెప్పకండి.

రక్తం ఇచ్చి ఇంటికి వచ్చినంత మాత్రాన దాత పని పూర్తి కాలేదు. ఇది చాలామందికి తెలియదు. మన పూర్వ విద్యార్థి ఒకరు, పేరు చెబితే నొచ్చుకుంటారు కనుక చెప్పను, రెండేండ్ల కిందట వర్షాకాలంలో ఒక శిబిరంలో రక్తమిచ్చారు. మూడవనాటి రాత్రి జ్వరం, కళ్ళ వెనుక నొప్పి. తెల్లవారగానే ఆయన తనకిచ్చిన కార్డు వెతికి, దానిమీది నంబరు చూసి రక్తనిధికి ఫోను చేశారు. నా సంచిని ఎవరికైనా ఎక్కించారా అని అడిగారు. ఇంకా లేదన్నారు. దానిని వెంటనే పక్కన పెట్టించారు. తరువాత ఆయనకు డెంగీ అని తేలింది. ఆ సంచి ఎవరికి పోవలసి ఉండెనో ఆయనకు తెలియదు, నాకు తెలియదు, ఆ రోగికైతే అసలే తెలియదు. ఇచ్చిన రక్తం పారబోశారే అని ఇంట్లోవారు బాధపడ్డారట. ఈ ప్లాటినం జూబ్లీలో సన్మానాలు చాలామందికి జరుగుతున్నవి. రక్తమిచ్చినందుకు కాదు, ఆ ఫోను చేసినందుకు ఆయనకు ఒక శాలువా కప్పవచ్చునని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు.

అందుచేత మూడవ మనవి. ప్రశంసాపత్రం రక్తమిచ్చినవారికే కాక, రక్తమివ్వడానికి వచ్చి, నిజం చెప్పి, వెనుకకు పంపబడినవారికి కూడ అదే కాగితం మీద, అదే సంతకంతో ఇవ్వాలి. దానిమీద తేడా తెలియకూడదు. మా ఆడ ఉపాధ్యాయులలో సగంమంది హిమోగ్లోబిన్ 12.5 లేదని వెనుకకు వచ్చేవారే. వారికి ఆ పూట కలిగే చిన్నతనం నేను చూస్తూనే ఉన్నాను. ఆ చిన్నతనం తగదు. ప్రశ్నల కాగితం నింపే బల్లను వరుసకు దూరంగా, ఒక గదిలో పెట్టించాలి. స్నేహితుల ఎదుట ఎవరినీ జ్వరం వచ్చిందా అని అడగరాదు. ఆ గదికి మా ప్రయోగశాల సరిపోతుంది, తాళంచెవి నేనిస్తాను.

దోమల విషయం పిల్లలకు వదిలివేస్తున్నాను, పెద్దలకంటె వారే నయం. ప్రతి శుక్రవారం ఆరవ, ఏడవ తరగతుల పిల్లలు కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీల కింది పళ్ళాలు తిరగవేసి వస్తున్నారు. మంచినీటిలో పెరిగి పగటిపూట కుట్టే ఏడిస్ దోమ ఏదో, మురుగులో పెరిగే క్యూలెక్స్ ఏదో మీ పిల్లవాడిని అడిగితే చెబుతాడు. ఇంటి మీది నీళ్ళ ట్యాంకు మూత మాత్రం పెద్దలు చూసుకోవాలి, వారిని పైకి ఎక్కనీయకండి. డెంగీతో మంచం పట్టినవారికి పగలు కూడ దోమతెర కట్టాలి. ఆ తెర రోగికోసం కాదు, రోగిని కుట్టిన దోమ ఇంట్లో మిగిలినవారిని కుట్టకుండా.

చివరగా ఒక చిన్న ఏర్పాటు గురించి. ఆఫీసు గదిలో గుమాస్తాగారి బల్ల మీద ఈరోజునుండి ఒక రిజిస్టరు ఉంటుంది. 18 ఏండ్లు నిండి 65 దాటనివారు, 45 కిలోలకు తగ్గకుండా బరువున్నవారు అందులో తమ పేరు, రక్తం గ్రూపు, ఫోను నంబరు వ్రాయవచ్చును. దానిలో మరి రెండు గడులు గీయించాను. చివరిసారి రక్తమిచ్చిన తేదీ ఒకటి, చివరిసారి జ్వరం వచ్చిన తేదీ ఒకటి. రక్తనిధినుండి కబురు వచ్చినప్పుడు గుమాస్తాగారు ఆ రెండు తేదీలూ చూసిన తరువాతనే ఫోను చేస్తారు, ఫోనులో మరల అడుగుతారు. రెండవ గడిని ఖాళీగా వదిలిన పేరును ఆయన పిలవరు. మొదటి పుటలో నా పేరు వ్రాశాను. నాకు చివరి జ్వరం ఏప్రిల్ నెలలో వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆఫీసు గదిలోకి ఒకసారి వచ్చి వెళ్ళండి, కాఫీ కూడ అక్కడే ఏర్పాటు చేశాము.